తిండి మారకపోయినా పొట్ట ఎందుకొస్తుంది? వయసుకీ ఊబకాయానికీ ఒంట్లో ఉన్న లంకె

మీరు అడిగినవి మూడు. 46 ఏళ్ల వయసులో, తిండి ఏమీ మారకుండానే ఐదేళ్లలో 7 కిలోలు ఎందుకు పెరిగారు? లావుగా ఉంటే ముసలితనం తొందరగా వస్తుందన్నది నిజమేనా? 68 ఏళ్ల మీ అమ్మగారు కూడా బరువు తగ్గాలా? మొదటి రెండూ ఒకే ముడికి రెండు కొసలు. మూడోదానికి మాత్రం జవాబు వేరు. మీకు పనికొచ్చే డైట్ అమ్మగారికి హాని చేయొచ్చు, అందుకే దాని గురించి చివర్లో విడిగా రాస్తున్నాను.

ముందు "నలభై దాటితే మెటబాలిజం పడిపోతుంది" అన్న మాట సంగతి చూద్దాం. 2021లో సైన్స్ పత్రికలో హెర్మన్ పాంట్జర్ బృందం ఒక పెద్ద లెక్క ప్రచురించింది. 29 దేశాల్లో, ఎనిమిది రోజుల పసికందు నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా, 6,400 మందికి పైగా మనుషులు రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నారో కొలిచారు. ఐసోటోపులు (కాస్త బరువెక్కువ హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు) కలిపిన నీళ్లు తాగించి, మూత్రంలో అవి ఎంత వేగంగా తగ్గుతున్నాయో చూసే పద్ధతి ఇది. నోటి లెక్క కాదు. ఒంట్లో కొవ్వు కాని బరువును పరిగణనలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల మధ్య ఖర్చు దాదాపు కదల్లేదు. అరవై దాటాకే ఏడాదికి సుమారు 0.7 శాతం చొప్పున తగ్గింది. అంటే 46 ఏళ్లకు మీ కణాలు బద్ధకించలేదు. కానీ "కొవ్వు కాని బరువును పరిగణనలోకి తీసుకుంటే" అన్న షరతు ఉంది చూశారా, అసలు కథంతా అందులోనే ఉంది. ఆ బరువులో పెద్ద వాటా కండది. ముప్పై దాటాక, వాడకపోతే, కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కరుగుతుంది. కాటా మీద అది కనబడదు, ఎందుకంటే ఆ చోటును కొవ్వు నింపేస్తుంది.

ఇక మీ 7 కిలోల లెక్క. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు. ఐదేళ్లకు పంచితే రోజుకు 30 కేలరీలు నిల్వ పడ్డట్టు, అంటే ఒకటిన్నర టీ స్పూన్ల పంచదార. ఒళ్లు పెరిగేకొద్దీ దాన్ని మోయడానికి అయ్యే ఖర్చు కూడా పెరుగుతుంది కాబట్టి అసలు తేడా దీనికి కొన్ని రెట్లు ఉండొచ్చు. అయినా కంటికి ఆననంత చిన్నదే. అందుకే "తిండి మారలేదు" అని మీరన్న మాటను నేను నమ్ముతాను. తిండి మారలేదు, దాన్ని ఖర్చు చేసే ఒళ్లు మారింది.

కొవ్వు కణం లోపల కూడా మార్పు జరుగుతుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో కిర్స్టీ స్పాల్డింగ్, పీటర్ ఆర్నర్ బృందం 2008లో తేల్చిందేమిటంటే, పెద్దయ్యాక కొవ్వు కణాల సంఖ్య దాదాపు స్థిరంగా ఉంటుంది, ఏటా పది శాతం చచ్చి కొత్తవి పుడుతుంటాయి. అణుబాంబు పరీక్షల వల్ల గాల్లో చేరిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఆనవాళ్లతో వాళ్లు ఆ కణాల వయసు లెక్కగట్టారు. ఆ పరీక్షల వల్ల ఒరిగిన ఒకటీ అరా మంచిలో ఇదొకటి! అదే బృందం 2019లో 54 మందిని సగటున 13 ఏళ్ల తేడాతో పోల్చి చూసింది. కొవ్వు కణంలోకి కొవ్వు వచ్చి, ఉండి, బయటికి వెళ్లే వేగం వయసుతో అందరిలోనూ తగ్గింది, బరువు పెరిగినవాళ్లలోనూ తగ్గినవాళ్లలోనూ. ఆ మేరకు తిండి తగ్గించుకోనివాళ్లు సగటున 20 శాతం బరువు పెరిగారు.

మీ వయసులో ఇంకో సంగతి కలుస్తుంది. మన దేశంలో నెలసరి ఆగే సగటు వయసు 46, 47 దగ్గర ఉంటుంది, పాశ్చాత్య దేశాలకంటే ముందే. ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్లూ కొవ్వు తొడలకూ పిరుదులకూ చేరుతుంది. అక్కడ ఉన్నది పెద్దగా హాని చేయదు. ఈస్ట్రోజెన్ తగ్గగానే దారి మళ్లి పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరుతుంది. మొత్తం కొవ్వులో ఈ లోపలి కొవ్వు వాటా 5 నుంచి 8 శాతం ఉండేది 15 నుంచి 20 శాతానికి చేరుతుంది. బరువు ఒక్క కిలో పెరగకపోయినా జాకెట్టు బిగుతయ్యేది ఇందుకే. మగవాళ్లలో టెస్టోస్టెరాన్ ఇంత హఠాత్తుగా పడదు, మెల్లగా దిగుతుంది. లోపలి కొవ్వులోని ఆరోమటేస్ అనే ఎంజైము దాన్ని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంటుంది కాబట్టి పొట్ట ఉన్న మగవాళ్లలో ఇంకా తొందరగా దిగుతుంది. థైరాయిడ్ అనుమానం ఉంటే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించుకోండి. కానీ థైరాయిడ్ తక్కువై పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు ఉప్పూ నీరూ. ఏడు కిలోలనూ దాని నెత్తిన రుద్దడం కుదరదు.

రెండో ప్రశ్న, లావు వల్ల వయసు తొందరగా మీద పడుతుందా? పడుతుంది. ఎలాగో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏం చేయాలన్నది అక్కడి నుంచే వస్తుంది.

చర్మం కింది కొవ్వు నిజానికి మంచి ఏర్పాటు. మిగులు శక్తిని భద్రంగా దాచడమే దాని పని. దాచాలంటే కొత్త కొవ్వు కణాలు పుట్టాలి, వాటిని పుట్టించే మూల కణాలు చురుగ్గా ఉండాలి. వయసుతో చర్మం కింద ఆ చురుకు తగ్గుతుంది. ఉన్న కణాలే ఉబ్బి ఉబ్బి ఆక్సిజన్ చాలక నలుగుతాయి. గాదె నిండాక ధాన్యం వసారాలో పోసుకున్నట్టు, మిగులు కొవ్వు కాలేయంలోకీ కండల్లోకీ క్లోమంలోకీ చేరుతుంది. అక్కడ చేరిన కొవ్వే ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు. చిత్రమేమిటంటే పొట్ట లోపల దీనికి తలకిందులుగా జరుగుతోంది. అమెరికాలోని సిటీ ఆఫ్ హోప్ పరిశోధకులు 2025లో సైన్స్‌లో ప్రచురించిన దాని ప్రకారం, నడివయసు ఎలుకల్లో కొవ్వు కణాలను విపరీతంగా పుట్టించే ఒక కొత్త రకం మూల కణాలు బయల్దేరతాయి. ఎంత ఆపినా పొట్టే ఎందుకు ముందు వస్తుందో దీంతో కొంత అర్థమవుతోంది.

ఇంకో పాత్రధారి, విభజన ఆగిపోయినా చావని కణం. లెనార్డ్ హేఫ్లిక్ 1961లో మనిషి కణం కొన్ని పదుల సార్లు విభజించాక ఆగిపోతుందని చూపించాడు. అలా ఆగిన కణాన్ని సెనెసెంట్ కణం అంటారు. మనం ముసలి కణం అనుకుందాం. అది ఊరికే మూల కూర్చుంటే బాధ లేదు. ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి మంటపుట్టించే రసాయనాలు వదులుతూనే ఉంటుంది, పక్క కణాలను కూడా తన దారిలోకి లాగుతుంది. ఆ వాసనకు రోగనిరోధక కణాలు వచ్చి కొవ్వు చుట్టూ గుమిగూడతాయి. జ్వరం లేని, నొప్పి లేని, ఏళ్ల తరబడి నడిచే సన్నని వాపు ఇది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ 2000లో దీనికే ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టాడు. వయసు మళ్లిన శరీరంలో పేరుకునే ఈ ముసలి కణాలు, ఊబకాయం ఉన్నవాళ్ల కొవ్వులో చిన్న వయసులోనే పేరుకుంటాయి. అక్కడే రెండు దారులూ కలుస్తాయి. వయసు కొవ్వును పాడుచేస్తుంది, పాడైన కొవ్వు తక్కిన అవయవాల వయసు పెంచుతుంది. 2018లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ఎలుకల ప్రయోగంలో, ఇలాంటి కణాలు పది లక్షలు తెచ్చి పడుచు ఎలుకల్లో పెడితే చాలు, వాటి నడక వేగమూ పట్టూ తగ్గిపోయాయి.

ఈ కణాలను ఏరి చంపే మందుల మీద పరిశోధన నడుస్తోంది. డాసాటినిబ్ అనే కేన్సర్ మందు, ఉల్లిపాయల్లో ఉండే క్వెర్సెటిన్, ఈ జంట గురించి మీరు వినే ఉంటారు. మనుషుల్లో ఇంకా చిన్న ప్రయోగాల దశే. ఆన్‌లైన్‌లో అమ్మే క్వెర్సెటిన్ డబ్బాలకు డబ్బు పెట్టకండి. డాసాటినిబ్ అయితే రక్తకణాలను తగ్గిస్తుంది, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుస్తుంది, దాని జోలికే పోవద్దు.

అంకెలు కావాలంటే కొన్ని ఉన్నాయి. 2005లో లాన్సెట్‌లో 1,122 మంది ఆడవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో ఊబకాయం ఉన్నవాళ్ల టెలోమియర్లు (క్రోమోజోముల కొసల్లో ఉండి వయసుతో పొట్టిబడే డీఎన్‌ఏ తొడుగులు) సన్నగా ఉన్నవాళ్ల వాటికంటే 240 బేస్ జతలు, అంటే డీఎన్‌ఏ నిచ్చెనలో 240 మెట్లు, పొట్టిగా ఉన్నాయి. 2014లో స్టీవ్ హోర్వాత్ బృందం డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులను, అంటే వయసుతో మారే చిన్న రసాయన ముద్రలను బట్టి అవయవాల వయసు లెక్కగట్టి చూస్తే, బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 10 పెరిగితే కాలేయం 3.3 ఏళ్లు ముదిరినట్టు తేలింది. ఆపరేషన్‌తో బరువు వేగంగా తగ్గినా ఆ ముదురు వెంటనే వెనక్కి రాలేదు. మరి తక్కువ తింటే వయసు నెమ్మదిస్తుందా? ఊబకాయం లేని 218 మందితో రెండేళ్లు నడిపిన క్యాలెరీ (CALERIE) అనే ప్రయోగంలో తిండిలోని కేలరీలను 25 శాతం తగ్గించాలనుకుంటే జనం తగ్గించగలిగింది సగటున 12 శాతమే. దానికే ముదిరే వేగం 2, 3 శాతం తగ్గినట్టు, డీఎన్‌ఏ గుర్తులతో వయసు కొలిచే ఇలాంటి లెక్కల్లో (వీటినే గడియారాలంటారు) ఒక గడియారంలో కనబడింది, వేరే గడియారాల్లో కనబడలేదు. ఇవన్నీ గుంపుల సగటు మీద పనికొచ్చే కొలతలు. "మీ బయోలాజికల్ ఏజ్ చెబుతాం" అంటూ వేలు వసూలు చేసే కిట్ల కంటే నడుముకు చుట్టే టేపు మేలు.

టేపు అంటే మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌లో డాక్టర్ యుడ్కిన్, ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫొటోతో 2004లో లాన్సెట్‌లో వేశారు. సన్నగా కనబడుతూ లోపల కొవ్వు మోసే ఒళ్లు మనది. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు. ఇంకా సులువైన గీటురాయి, నడుము ఎత్తులో సగానికి మించకూడదు. కొలిచేటప్పుడు చీర కుచ్చిళ్లు దోపుకునే చోటో ప్యాంటు బెల్టు చోటో కాదు. ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, బట్ట మీద కాకుండా ఒంటి మీద, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. నెలకోసారి చాలు.

దాంతోపాటు కండను కూడా కొలవండి, ఎవరూ కొలవరు. చేతులు లేని కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు పడితే, లేదా దాటితే కాళ్లలో బలం తగ్గినట్టే. పిక్క చుట్టుకొలత ఆడవాళ్లకు 33, మగవాళ్లకు 34 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే కండ కరుగుతోందని అనుమానించాలి. ఇవి ఆసియా వాళ్ల కోసం 2019లో పెట్టిన హద్దులు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకు. మీకైతే ఇప్పటి నుంచే రాసిపెట్టుకుంటే పోల్చుకోవడానికి ఉంటుంది.

ఇక మీరు చేయాల్సింది. తిండిలో మొదట చూడాల్సింది ప్రొటీన్, కేలరీలు ఆ తర్వాత. మీ బరువు 65 కిలోలనుకుంటే కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల లెక్కన రోజుకు 65 నుంచి 78 గ్రాములు. మన భోజనంలో ఇది ఎక్కడ తప్పుతుందంటే, పప్పు తింటున్నాం కదా అనుకుంటాం. ఒక మనిషి వాటాకొచ్చే పప్పులో పచ్చి కందిపప్పు 20, 30 గ్రాములకు మించదు, అంటే 5, 6 గ్రాముల ప్రొటీన్. పప్పుచారైతే అందులో సగం కూడా ఉండదు. రాగి సంగటి తింటే ప్రొటీన్ వచ్చిందనుకోవడం ఇంకో పొరపాటు. రాగుల్లో కాల్షియం దండిగా ఉంటుంది, ప్రొటీన్ మాత్రం బియ్యంతో సమానమే. 60 గ్రాముల పెసలు నానబెట్టి వేసిన పెసరట్టులో 14 గ్రాములు, రెండు గుడ్లలో 12, పావు లీటరు పెరుగులో 8, పొడిగా తూచిన 30 గ్రాముల సోయా మీల్‌మేకర్‌లో 15, 100 గ్రాముల చికెన్‌లో 20కి పైనే ఉంటుంది. ఉదయం మూడు ఇడ్లీ, చట్నీ అంటే 6, 7 గ్రాములే. ఒక గుడ్డో గ్లాసు మజ్జిగో తోడైనా లెక్క నిండదు, అందుకే ఇడ్లీ రోజులను తగ్గించి పెసరట్టు రోజులను పెంచండి.

అన్నం పచ్చి బియ్యంగా ఉన్నప్పుడే తూచండి. పూటకు 100, 120 గ్రాములు వేసుకునేవాళ్లు 60కి దిగితే ఒక్క పూటలోనే 150 నుంచి 200 కేలరీలు తగ్గుతాయి. అన్నం మానేసి అంతే బరువు గోధుమ పిండి రొట్టెలో జొన్న రొట్టెలో తింటే లాభం పెద్దగా లేదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే జాతీయ షుగర్ సర్వే వాళ్లు 2025లో దేశమంతటి లెక్క చెబుతూ, మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయనీ, ధాన్యం మార్చడం వల్ల కాక కొంత ధాన్యం తీసి ఆ చోట పప్పులో పాలో పెట్టినప్పుడే షుగర్ ముప్పు తక్కువగా కనబడిందనీ చెప్పారు. సిరిధాన్యాల ప్రచారం ఊపులో ఈ మాట ఎవరికీ వినబడటం లేదు.

నడక మంచిదే, కానీ నడక కండ పెంచదు. రోజూ గంట నడిచి కూడా కుర్చీలోంచి చేతులు ఊతంగా పెట్టి లేచేవాళ్లు ఎంతమందో! వారానికి రెండు మూడు రోజులు, అరగంట చొప్పున బరువుల వ్యాయామం కావాలి. కుర్చీ స్క్వాట్, గోడకు పుషప్, రబ్బరు బ్యాండు లాగడం, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం, మునివేళ్ల మీద లేవడం, రెండు చేతులా బరువు పట్టుకుని నడవడం, ఈ ఆరూ చాలు. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. 12 సార్లు తేలిగ్గా వస్తే బరువు పెంచాలి. ఏడాదంతా అవే రెండు కిలోల డంబెల్స్ ఎత్తేవాళ్లకు ఫలితం రాకపోవడానికి కారణం ఇదే. నడకను భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలకు మార్చుకోండి, తిన్నాక పెరిగే షుగర్‌ను కండలే పీల్చుకుంటాయి.

వేగం వారానికి అర కిలో మించకూడదు. రోజుకు 800 కేలరీల డైట్లు, నెలకు ఎనిమిది కిలోల ప్యాకేజీలు ఎందుకు బెడిసికొడతాయంటే, పోయిన బరువులో పావు వంతో ఇంకా ఎక్కువో కొవ్వు కానిదే ఉంటుంది. మళ్లీ పెరిగేటప్పుడు వచ్చేది ఎక్కువగా కొవ్వు. ఇలా రెండు మూడు సార్లు దిగి ఎక్కినవాళ్లు అదే బరువులో మునుపటికంటే తక్కువ కండతో మిగులుతారు. ఆకలి తగ్గించి బరువు దించే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్ల మీద కూడా ఇదే జాగ్రత్త. ఆ మందు మీద జరిగిన స్టెప్-1 ప్రయోగంలో 68 వారాలకు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది. కొద్దిమందికి, ఒంట్లో కొవ్వెంతో కొవ్వు కానిదెంతో చూపే డెక్సా స్కాన్ తీసి చూస్తే పోయినదాంట్లో 40 శాతం దాకా కొవ్వు కానిదే. అది మొత్తం కండ కాదు, కానీ ఆకలి చచ్చి పప్పు గుడ్డు కూడా తినలేని స్థితిలో కండ నిలవదు. డాక్టరు రాస్తే వాడండి, ప్రొటీన్ లెక్కా బరువుల వ్యాయామమూ మాత్రం మొదటి వారం నుంచే మొదలెట్టండి.

ఇప్పుడు అమ్మగారి సంగతి. 68 ఏళ్లకు కాస్త బొద్దుగా ఉండటం దానంతట అది జబ్బు కాదు, ఆ వయసులో బీఎంఐ 25, 26 చూసి కంగారుపడక్కర్లేదు. చూడాల్సింది చేతులూ పిక్కలూ సన్నబడి పొట్ట మాత్రం పెద్దదవుతోందా అని. కండ కరుగుదల, కొవ్వు పెరుగుదల కలిసిన ఈ తీరు ఉత్త లావుకంటే ప్రమాదం, పడిపోవడాలకూ తుంటి విరగడాలకూ దారి అదే. మోకాళ్ల నొప్పో షుగరో ఉండి తగ్గాల్సి వస్తే 5 శాతం లక్ష్యం చాలు, అదీ వ్యాయామం లేకుండా వద్దు. డెన్నిస్ విల్లారియల్ బృందం 2017లో 160 మంది ఊబకాయమున్న వృద్ధుల మీద చేసిన ప్రయోగంలో బరువు తగ్గిస్తూ నడకలాంటి ఏరోబిక్ వ్యాయామం మాత్రమే చేసినవాళ్లు కొవ్వు కాని బరువు 5 శాతం పోగొట్టుకున్నారు, బరువులెత్తినవాళ్లు 2 శాతం, రెండూ చేసినవాళ్లు 3 శాతం. లేవడం, నడవడం, మెట్లెక్కడం లాంటి పనుల్లో రెండూ చేసినవాళ్లే 21 శాతం మెరుగై ముందున్నారు, తక్కిన రెండు గుంపులు 14 శాతం దగ్గర ఆగాయి.

వయసు మళ్లిన కండ ప్రొటీన్‌కు అంత తేలిగ్గా స్పందించదు. రోజంతా కొసరి కొసరి పెడితే సరిపోదు, పూటకు 25 గ్రాముల దాకా ఒకేసారి పడాలి. రాత్రి పూట మజ్జిగన్నంతో సరిపెట్టే అలవాటు అమ్మగారికి ఉంటే ముందు మార్చాల్సింది అదే. ప్రొటీన్ పెంచే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ రక్తపరీక్షలు చేయించండి, కిడ్నీ బలహీనంగా ఉంటే ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. విటమిన్ డి కూడా చూపించండి, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతుంటే బీ12 కూడా. గ్లిమెపిరైడ్ రకం షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతూ అన్నం సగానికి తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి, మాత్ర మోతాదు తగ్గించాకే పళ్లెం తగ్గించాలి. బరువు తగ్గేకొద్దీ బీపీ మాత్ర పాత మోతాదు కూడా అవసరానికి మించిపోతుంది, లేచి నిలబడ్డప్పుడు తూలితే నిలబెట్టి బీపీ చూడమనండి. ఆవిడ ఏ ప్రయత్నమూ చేయకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు 5 శాతం, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, "పోనీలే, మంచిదే" అనుకోకుండా ఆ వారమే డాక్టరుకు చూపించండి.